దూరం పోవాలి, మెత్తగా తగలాలి, ఖర్చు తగ్గాలి: గోల్ఫ్ బంతి ఎంపికలో అసలు లెక్క

విజయనగరంలో బంతి అంటే ముందు గుర్తొచ్చేది క్రికెట్ బంతే. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకు కెప్టెన్‌గా ఉన్న విజ్జీ ఈ ఊరి రాజకుటుంబానికి చెందినవాడు. ఇప్పటికీ కొట్టుకి వెళ్లిన కుర్రాడు టెన్నిస్ బంతిని బొటనవేలితో నొక్కి చూస్తాడు, నేలకేసి ఒకసారి కొడతాడు, ఎంత ఎత్తు లేచిందో చూసి డబ్బులిస్తాడు. ఆ రెండు పరీక్షలతో పని అయిపోతుంది. చాలాసార్లు అతని అంచనా తప్పదు కూడా.

గోల్ఫ్ బంతి దగ్గర ఆ రెండు పరీక్షలూ పనికిరావు. ఎంత బలవంతుడు నొక్కినా బొటనవేలికి అది లొంగదు. సిమెంటు గచ్చు మీద పడేస్తే ఖరీదైన బంతీ చవక బంతీ ఇంచుమించు ఒకేలా లేస్తాయి. ఆటలో తగిలే దెబ్బ ముందు చేత్తో పడేసిన దెబ్బ ఏ మూలకీ రాదు. అందుకే కొనేవాళ్లు పెట్టె మీది మాటల్నే నమ్ముకోవాల్సి వస్తుంది. ఒక పెట్టె మీద ‘సాఫ్ట్’ అని, పక్క పెట్టె మీద ‘డిస్టెన్స్’ అని, ఇంకోదాని మీద రెండూ కలిపి ఉంటాయి. ధరలు చూస్తే ఒకదానికొకటి పొంతన ఉండదు.

పైడిభీమవరం, రణస్థలం వైపు మందుల కంపెనీల్లో పనిచేసే ఇంజినీర్లు, విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లోని డాక్టర్లు, వ్యాపారులు, నేవీలో రిటైరై సొంతూళ్లకు వచ్చేసినవాళ్లు కొందరు ఈ ఆట ఆడుతున్నారు. వీళ్లలో ఎక్కువ మంది తెల్లవారుజామున హైవే ఎక్కి విశాఖలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌కి చేరుకుంటారు. పెట్రోలు, సంచి మోసే క్యాడీ, ఫలహారం ఖర్చులన్నీ కళ్ల ముందు కనిపిస్తాయి. బంతుల ఖర్చు మాత్రం పొదల్లో, నీళ్లలో ఒక్కొక్కటిగా పోతుంది కాబట్టి లెక్కలోకి రాదు. వారానికో, రెండు వారాలకో ఒకసారి ఆడేవాళ్లకు ఏ బంతి సరిపోతుందన్నదే ఇక్కడి ప్రశ్న.

ముందు బంతి లోపల ఏముందో చూడాలి. పాతబడి గీతలు పడ్డ బంతిని ఏ లేత్ షాపులోనైనా వైస్‌లో బిగించి హ్యాక్సా బ్లేడుతో రెండు ముక్కలు చేయిస్తే ఒక్క చూపులో చాలా అర్థమవుతుంది. పైన తెల్లటి పొర, అది గుడ్డు పెంకు కంటే కొన్ని రెట్లు మందం. లోపలంతా ఒకే ముద్దగా రబ్బరు, చాలా బంతుల్లో నీలం, ఆకుపచ్చ, నారింజ లాంటి ముదురు రంగులో ఉంటుంది. వేలితో రాస్తే పెన్సిల్ రబ్బరులా కాకుండా బూటు మడమలా గట్టిగా తగులుతుంది. ఇలా పొర, ముద్ద రెండే ఉంటే అది టూ పీస్ బంతి. మధ్యలో ఇంకో పలుచని వలయం కనిపిస్తే త్రీ పీస్. ఒక జాగ్రత్త తప్పనిసరి. చాలా ఏళ్ల నాటి పాత బంతుల్లో కొన్నింటికి లోపల రబ్బరు దారం చుట్టి, నడిమధ్యన ద్రవం పోసేవారు. అలాంటిదాన్ని కోస్తే ద్రవం కంట్లోకి చిమ్మే ప్రమాదం ఉంది. ఎక్కడో దొరికిన పురాతన బంతిని కోయకపోవడమే మంచిది.

ఆ లోపలి ముద్దను పాలీబ్యుటాడైన్ అనే కృత్రిమ రబ్బరుతో చేస్తారు. దానికి కలిపే రసాయనాలను బట్టీ, ఉడికించే తీరును బట్టీ ముద్ద గట్టిగానో మెత్తగానో తయారవుతుంది. ఒకే బరువు మోపినప్పుడు బంతి ఎంత నలుగుతుందో చూసి దానికి ఒక అంకె ఇస్తారు. ఆ అంకెనే కంప్రెషన్ అంటారు. అంకె చిన్నదైతే బంతి మెత్తన, పెద్దదైతే గట్టి. పెద్ద టోర్నమెంట్లలో కనిపించే టైటిలిస్ట్ ప్రో వీ1 లాంటివి 90 దగ్గర్లో ఉంటాయి. మెత్తనివిగా పేరుపడ్డ కాలవే సూపర్‌సాఫ్ట్, విల్సన్ డ్యుయో సాఫ్ట్ 40కి కాస్త అటూ ఇటూగా, స్రిక్సన్ సాఫ్ట్ ఫీల్ 60 దగ్గర ఉంటాయి. కంపెనీలన్నీ ఒకే పద్ధతిలో కొలవవు కాబట్టి 58కీ 62కీ మధ్య తేడాలు పట్టించుకోనక్కర్లేదు. 40, 60, 90 అన్న మెట్లు గుర్తుంటే చాలు.

మెత్తదనం గురించి చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ‘మెత్తగా తగిలింది’ అన్నప్పుడు ఆ మాట చేతిది అనుకుంటాం. గోల్ఫ్ ఆడే కర్రను క్లబ్ అంటారు, వాటిలో దూరం కొట్టడానికి వాడే పొడవాటిది డ్రైవర్. డ్రైవర్‌తో కొట్టినప్పుడు బంతి క్లబ్‌ను అంటిపెట్టుకుని ఉండేది దాదాపు అర మిల్లీసెకను, అంటే సెకనులో రెండు వేలవ వంతు. అరచేతి నుంచి మెదడుకు కబురు చేరేసరికే బంతి క్లబ్‌ను వదిలి మీటరు దూరం దాటిపోయి ఉంటుంది. ఆ క్షణంలో అసలు పని చేసేది చెవి. మెత్తని బంతి తగిలితే ‘టప్’మని బరువైన చప్పుడు వస్తుంది, గట్టిది తగిలితే ‘టిక్’మని సన్నగా పైస్థాయిలో మోగుతుంది. ఆ చప్పుడునే మనం స్పర్శగా గుర్తుపెట్టుకుంటాం.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. హాల్లో కార్పెట్ పరిచి, ఒక మెత్తని బంతి, ఒక గట్టి బంతి పెట్టి, పట్టర్‌తో, అంటే బంతిని నేల మీద దొర్లించే క్లబ్‌తో, పది పది సార్లు కొట్టాలి. ఏది ఏదో కళ్లు మూసుకున్నా చెప్పేయవచ్చు. తర్వాత చెవుల్లో దూది గట్టిగా కుక్కుకుని మళ్లీ కొట్టాలి. ఇంతకు ముందు అంత స్పష్టంగా తెలిసిన తేడా చాలావరకు కరిగిపోతుంది. దీన్నిబట్టి ఇంకో సంగతి కూడా తేలుతుంది. పట్టర్ ముఖానికి మెత్తని రబ్బరు లాంటి ముక్క అతికించి ఉంటే గట్టి బంతి కూడా మెత్తగా వినిపిస్తుంది. మెత్తదనం కోసం బంతి మార్చాలనుకునేవాళ్లు ముందు చేతిలో ఉన్న పట్టర్ ఏ రకమో చూసుకోవాలి.

మెత్తదనం చెవికి సంబంధించినదైనంత మాత్రాన దానికి విలువ లేదని కాదు. పట్టింగ్‌లో చప్పుడే వేగానికి కొలత. ఎంత బలంగా కొడితే ఎంత దూరం దొర్లిందో మనసు చప్పుడుతోనే లెక్క కట్టుకుంటుంది. చెవికి ఇంపైన బంతితో ధైర్యంగా ఆడగలిగితే ఆ లాభం నిజమైనదే. దానికి ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు కూడా. బంతుల్లో అతి మెత్తనివి చాలావరకు చవక రకాల్లోనే ఉన్నాయి.

ఇక దూరం. బంతి ఎంత పెద్దదిగా, ఎంత బరువుగా ఉండాలన్నది ఎవరిష్టం వారిది కాదు. ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ అనే రెండు గోల్ఫ్ సంస్థలు కలిసి నియమాలు పెడతాయి. బరువు 45.93 గ్రాములు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. యంత్రంతో కొట్టినప్పుడు బంతి ఎంత వేగంతో బయల్దేరవచ్చో, మొత్తం ఎంత దూరం పోవచ్చో కూడా హద్దులున్నాయి. పేరున్న కంపెనీల బంతులన్నీ ఆ హద్దుకు దగ్గర్లోనే తిరుగుతుంటాయి. ‘అందరికంటే దూరం’ అని పెట్టె మీద రాసుకున్న బంతికి నియమం లోపల మిగిలిన చోటు బాగా తక్కువ.

మన చేతిలో ఉన్న సంగతి క్లబ్ వేగం. సగటు మగ ఆటగాడు డ్రైవర్‌ను గంటకు 90 మైళ్లకు కాస్త అటూ ఇటూగా తిప్పుతాడు. అంటే దాదాపు 145 కిలోమీటర్లు, మంచి ఫాస్ట్ బౌలర్ చేతి నుంచి వచ్చే బంతి వేగం. నడిమధ్యన తగిలితే గోల్ఫ్ బంతి గంటకు 130 మైళ్లతో, అంటే 200 కిలోమీటర్లు దాటి బయల్దేరుతుంది. బంతి వేగం ఒక మైలు పెరిగితే సుమారు రెండు గజాల దూరం కలుస్తుందని లెక్క వేసుకోవచ్చు.

‘మెల్లగా తిప్పేవాళ్లు గట్టి బంతిని నలగ్గొట్టలేరు, అందుకే మెత్తని బంతితోనే దూరం వస్తుంది’ అని ఏళ్ల తరబడి ఒక మాట ప్రచారంలో ఉంది. ఇది వినడానికి సబబుగానే ఉన్నా నిలబడే మాట కాదు. డ్రైవర్ దెబ్బకు ఆ అర మిల్లీసెకనులో బంతి మీద సగటున అర టన్నుకు తగ్గని ఒత్తిడి పడుతుంది. 40 అంకె బంతైనా 90 అంకె బంతైనా ఆ దెబ్బకు నలిగి తీరాల్సిందే. ఎంత నలిగిందన్నది కాకుండా, నలిగిన తర్వాత ఎంత శక్తిని తిరిగి ఇచ్చిందన్నదే దూరాన్ని తేలుస్తుంది. మామూలుగా గట్టి ముద్దే కాస్త ఎక్కువ వేగం ఇస్తుంది. క్లబ్‌ను వేగంగా తిప్పేవాళ్లకు ఈ తేడా బాగా తెలుస్తుంది. నెమ్మదిగా తిప్పేవాళ్లకు ఆ తేడా కొద్ది గజాల్లోకి కుదించుకుపోతుంది. యాభై దాటిన వారాంతపు ఆటగాడు మెత్తని బంతి వాడితే పెద్దగా పోగొట్టుకునేదేమీ లేదు. దానివల్లే ఇరవై గజాలు కలిసొస్తాయని ఆశపడితే మాత్రం నిరాశే మిగులుతుంది. క్లబ్ ముఖం మధ్యలో కాకుండా అంచున తగిలిన ఒక్క దెబ్బకు పోయే దూరం, బంతి రకం మార్చితే వచ్చే దూరం కంటే ఎక్కువ.

అయితే మెత్తని టూ పీస్ బంతికి పక్కదారిలో ఒక లాభం ఉంది. అది డ్రైవర్ దగ్గర తక్కువగా గిరగిరా తిరుగుతుంది. కొత్తగా నేర్చుకున్నవాళ్లలో ఎక్కువ మందికి బంతి కుడివైపుకి వంగిపోతుంది. ఆ స్లైస్‌కు కారణం క్లబ్ ముఖం తెరుచుకుని రావడం. ఆ తప్పును ఏ బంతీ దిద్దదు. స్పిన్ తగ్గితే వంపు కొంత తగ్గుతుంది, పొదలో పడాల్సిన బంతి రఫ్‌లో, అంటే పక్కనున్న ఎత్తు గడ్డిలో, ఆగుతుంది. సముద్రం పక్కన ఆడేవాళ్లకు ఇది ఇంకా అక్కరకొస్తుంది. ఎదురుగాలిలో ఎక్కువ స్పిన్ ఉన్న బంతి పైకి లేచిపోయి, ముందుకు పోవాల్సిన దూరాన్ని ఎత్తులో ఖర్చు చేసేస్తుంది. మధ్యాహ్నానికి సముద్రం నుంచి గాలి ఊపందుకునే విశాఖ తీరంలో తక్కువ స్పిన్ బంతి నిలకడగా పోతుంది.

బంతి ఒంటి నిండా ఉండే గుంటల సంగతీ ఒక మాట. నున్నటి బంతిని కొడితే గుంటలున్న బంతి పోయే దూరంలో సగం కూడా పోదు. 1848 తర్వాత వచ్చిన గట్టాపర్చా అనే చెట్టు జిగురు బంతులు కొత్తగా నున్నగా ఉన్నప్పటి కంటే ఆడీ ఆడీ గాట్లు పడ్డాకే బాగా ఎగురుతున్నాయని ఆటగాళ్లు గమనించారు. అక్కడి నుంచే కావాలని గాట్లు పెట్టడం, 1905లో విలియం టేలర్ గుంటల నమూనాకు బ్రిటన్‌లో పేటెంట్ తీసుకోవడం వరుసగా జరిగాయి. ఇప్పుడు మామూలు బంతికి 300 నుంచి 400 గుంటలుంటాయి. 332 మంచివా 376 మంచివా అని తల బద్దలు కొట్టుకోవడం అనవసరం. ఆ గుంటల్లో మట్టి లేకుండా తడిగుడ్డతో తుడుచుకోవడం మాత్రం నిజంగా అవసరం. వానాకాలంలో ఎర్రమట్టి ఒక పక్కన అంటుకున్న బంతి గాల్లో ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

డబ్బు ఎక్కడికి పోతుందో తెలియాలంటే పై పొర దగ్గరకు రావాలి. చవక బంతుల పొర అయొనోమర్ అనే ప్లాస్టిక్‌ది. డ్యూపాంట్ కంపెనీ పెట్టిన ‘సర్లిన్’ పేరుతోనే ఇది చాలామందికి తెలుసు. గట్టిది, బండరాయికి తగిలినా త్వరగా చీలదు, చేయడం తేలిక. ఖరీదైన బంతులకు యురేథేన్ పొర వేస్తారు. అది మెత్తగా ఉండి, దగ్గరి దెబ్బలకు వాడే వెడ్జ్ క్లబ్ మీది గాడులను పట్టుకుంటుంది. గ్రీన్ (బంతి పడాల్సిన రంధ్రం చుట్టూ పొట్టిగా కత్తిరించిన పచ్చిక) పక్క నుంచి చిన్నగా కొట్టినప్పుడు యురేథేన్ బంతి ఒకటి రెండు గెంతులు వేసి బ్రేకు వేసినట్టు ఆగుతుంది. అయొనోమర్ బంతి అదే దెబ్బకు ఇంకొన్ని అడుగులు దొర్లుకుంటూ పోతుంది. డ్రైవర్ దగ్గర ఈ రెండింటి మధ్య తేడా స్వల్పం. ఆ ఎక్కువ ధర అంతా చివరి ముప్పై గజాల్లో ఆ బ్రేకు కోసమే.

కాబట్టి తనను తాను అడగాల్సింది, ‘ఆ ముప్పై గజాల్లో నేను ఏం చేస్తున్నాను?’ అని. బంతిని ఎత్తులో వేసి ఆపగలిగే నేర్పు ఉన్నవాళ్లకు యురేథేన్ పనికొస్తుంది. పట్టర్‌తోనో, 8 ఐరన్ అనే మధ్యరకం క్లబ్‌తోనో గ్రీన్ మీదికి దొర్లించి పంపేవాళ్లకు ఆ బ్రేకు వాడే అవకాశమే రాదు. కొత్తవాళ్లకు దొర్లించే పద్ధతే మేలు. అందులో తప్పు జరిగినా నష్టం తక్కువ. వాళ్లకు అయొనోమర్ బంతి చాలు, అదీ మెత్తనిదైతే పట్టింగ్‌లో చెవికి హాయి.

ఇప్పుడు పోయే బంతుల లెక్క. ఉదాహరణకు ఒక చవక డజను 1,800 రూపాయలు, ఖరీదైన డజను 4,800 రూపాయలు అనుకుందాం. ఒక్కో బంతి 150, 400 పడుతుంది. రౌండుకి మూడు బంతులు పోగొట్టుకునే మనిషి నెలకు నాలుగు రౌండ్లు ఆడితే పన్నెండు బంతులు, అంటే సరిగ్గా ఒక డజను. నెలకు తేడా 3,000 రూపాయలు. విజయనగరం నుంచి విశాఖకు రానూపోనూ నాలుగు ట్రిప్పుల పెట్రోలు ఖర్చులో మంచి భాగం దానితోనే తీరిపోతుంది. ఆ డబ్బుతో ఇంకో రౌండు ఆడినా, కోచ్ దగ్గర గంట గడిపినా స్కోరు మీద పడే ప్రభావం యురేథేన్ పొర కంటే ఎక్కువే. రౌండు మొత్తం ఒకే బంతితో పూర్తి చేసే స్థాయికి చేరినవాళ్లకు ఈ లెక్క తిరగబడుతుంది. వాళ్లకు 400 రూపాయల బంతి కూడా పెద్ద ఖర్చు కాదు.

ఇంకో దారి కూడా ఉంది. మన వైపు చాలా ఇళ్లలో అమెరికాలో ఉన్న కొడుకో, కూతురో, మేనల్లుడో ఉంటారు. అక్కడి కాస్ట్‌కో దుకాణాల్లో కిర్క్‌లాండ్ సిగ్నేచర్ పేరుతో యురేథేన్ పొర ఉన్న త్రీ పీస్ బంతులు రెండు డజన్లు కలిపి ఒకే పెట్టెగా, పేరున్న కంపెనీల ధరతో పోలిస్తే బాగా చవకగా అమ్ముతారు. సంక్రాంతికి వచ్చేవాళ్లను తెమ్మంటే రెండు డజన్ల బరువు పెట్టె కాకుండా 1.1 కిలోలే. అవి మెత్తని రకం కాదన్నది గుర్తుంచుకోవాలి. ఇక్కడే కొనాలంటే డెకాథ్లాన్ సొంత బ్రాండ్ ఇనెసిస్ రకాలు చవకగా మొదలుపెట్టడానికి బాగుంటాయి.

క్యాడీల దగ్గర దొరికే పాత బంతుల విషయంలో కాస్త చూపు పెట్టాలి. పొదల్లో దొరికి, శుభ్రం చేసిన బంతి చాలావరకు కొత్తదానిలాగే పనిచేస్తుంది. చెరువులో చాలాకాలం నానిన బంతి దూరం తగ్గవచ్చు, పైకి మాత్రం తేడా కనిపించదు. అన్నిటికంటే అనుమానించాల్సింది కొత్తగా మెరిసిపోతూ, బ్రాండ్ అక్షరాలు కాస్త లావుగా, వంకరగా ఉన్న బంతిని. అది మళ్లీ రంగు వేసినది కావచ్చు. రంగు గుంటల్లో పేరుకుంటే గాల్లో నడక మారిపోతుంది. గోరుతో గుంట అంచు మీద గీసి చూస్తే పెయింటు పొర లేస్తుందో లేదో తెలిసిపోతుంది.

మన వాతావరణం దూరానికి కొంత సాయమే చేస్తుంది. వెచ్చని గాలి పలచన, తేమ ఉన్న గాలి ఇంకా పలచన. నీటి ఆవిరి పొడి గాలి కంటే తేలిక కావడమే అందుకు కారణం. ఉక్కపోత రోజున గాలి ‘బరువుగా’ ఉందనిపించేది ఒంటికే, బంతికి కాదు. పది డిగ్రీల ఉష్ణోగ్రత తేడాకు డ్రైవర్ దెబ్బలో మూడు నాలుగు గజాలు మారతాయి. జనవరి తెల్లవారుజామున బంతి తక్కువ దూరం పోయిందని రకం మార్చేయడం తొందరపాటే. బంతులను మే నెల ఎండలో కారు డిక్కీలో వదిలేయకుండా ఇంట్లో నీడపట్టున ఉంచితే చాలు.

కొనేటప్పుడు డజనుకు బదులు మూడేసి బంతుల చిన్న ప్యాకెట్లు రెండు రకాలవి తీసుకోవడం మేలు. ఒకటి 40 దగ్గరిది, ఇంకొకటి 60 దగ్గరిది. పరీక్షను గ్రీన్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. ముందు పదేసి పట్‌లు, తర్వాత గ్రీన్ అంచు నుంచి దొర్లించే దెబ్బలు, తర్వాత 7 ఐరన్, చివర్లో డ్రైవర్. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. డ్రైవర్‌తో నాలుగు కొట్టి, వాటిలో ఒకటి బాగా తగిలితే ఆ బంతిదే గొప్ప అనుకుంటారు. పట్‌లో చెవికి నచ్చనిది, దొర్లింపులో అంచనాకు అందనిది అక్కడే పక్కకు పోతుంది. మిగిలినదాన్ని 7 ఐరన్‌తో గ్రీన్ మీద దింపినప్పుడు ఎన్ని అడుగులు దొర్లి ఆగిందో అడుగులతో కొలిచి చీటీ మీద రాసుకోవాలి. ఎండాకాలంలో గట్టిపడ్డ గ్రీన్ మీద పది పన్నెండు అడుగులు దాటి పోతూనే ఉంటే 60 వైపు జరగాలి, అప్పటికీ ఆగకపోతే చవకలో దొరికే యురేథేన్ బంతి వైపు చూడాలి.

ఒకసారి తేల్చుకున్నాక కనీసం మూడు నెలలు అదే రకం వాడాలి. రౌండు మధ్యలో దొరికిన బంతినల్లా టీ అనే చిన్న మేకు మీద పెడితే ఒక్కో హోల్‌కు ఒక్కో చప్పుడు, ఒక్కో దొర్లుడు వస్తాయి, చెయ్యి దేనికీ అలవాటు పడదు. దొరికిన బంతులను ఇంటి మేడ మీద వల కట్టుకుని చేసే ప్రాక్టీసుకు వాడుకుంటే సరి. ఆడే బంతుల మీద చెరగని స్కెచ్ పెన్నుతో సొంత గుర్తు ఒకటి వేసుకోవాలి. నియమాలు కూడా అదే సలహా ఇస్తాయి. రఫ్‌లో పక్కపక్కనే రెండు ఒకే రకం బంతులు కనిపించినప్పుడు ఆ గుర్తే ఏది మనదో చెబుతుంది.